కొని తెచ్చిన మన్ను

పాత్ర చెడినప్పుడు తప్పు ఎవరిది? మన్నుదా? కుమ్మరిదా? లేక ఆ మన్నును త్రవ్వి, కలిపి, సంచులలో నింపి అమ్మినవానిదా? పూర్వము మన గ్రామములలో ఈ మూడవ ప్రశ్నకు తావు తక్కువ. కుమ్మరి చెరువునుండి తానే మన్ను తెచ్చుకొని, తానే రాళ్లు ఏరి, తానే త్రొక్కి, తానే సారె త్రిప్పెడివాడు. నేడు పట్టణములలో మట్టిపని నేర్చుకొనువారు సిద్ధముచేసిన మన్నును అంగడిలో కొనుచున్నారు. దానిని త్రవ్వినవాని ముఖము వారెరుగరు. ఇతరులు సిద్ధపరచి మన చేతికిచ్చినదానిలోని దోషమునకు మనమెంతవరకు ఉత్తరవాదులము అను ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది.

భిలాయి వంటి ఊరిలో ఈ ప్రశ్నకు ఒక విశేషమున్నది. సోవియట్ దేశముతో 1955లో జరిగిన ఒప్పందమువలన అచ్చట ఉక్కు కర్మాగారము లేచినది. 1959 ఫిబ్రవరిలో మొదటి ఊదుకొలిమి పని ప్రారంభించినది. పనికొరకు వచ్చి స్థిరపడినవారిలో తెలుగువారు అనేకులు. ఆ కొలిమికి దల్లీ రాజహరానుండి ఇనుపరాయి, నందిని గనులనుండి సున్నపురాయి తెచ్చిరి. కొలిమిలో సున్నపురాయి చేయు ఉపకారము గొప్పది. ఇనుపరాతిలోని ఇసుకవంటి మాలిన్యమును తనతో కలుపుకొని, చిట్టెమై బయటికి పారిపోవును. అయితే అదే సున్నపురాయి ఆవగింజంత ముక్క కుమ్మరి మంటిలో చిక్కినయెడల పాత్రను పాడుచేయును. ఛత్తీస్‌గఢ్ మైదానము క్రింద విస్తారముగా సున్నపురాయి ఉండుటచేత అచ్చటి మంటిలో ఈ భయము ఎక్కువ. సంచిలో వచ్చిన మన్ను సైతము దీనికి అతీతము కాదు.

ఈ దోషము పనిచేయు విధము ఆలోచింపదగినది. సారెమీద అది కనబడదు, ఆరునప్పుడు కనబడదు. ఆవములో ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఆ ముక్క కాలిన సున్నమగును. పాత్ర బయటికి వచ్చినప్పుడు చక్కగానే మ్రోగును. పిమ్మట గాలిలోని తేమను పీల్చుకొని, ఆ సున్నము ఉబ్బి, కొన్ని దినములకో వారములకో పాత్ర ప్రక్కనుండి పెంకు ఊడగొట్టును. లోపల తెల్లని చుక్క కనబడును. అప్పటికి పాత్ర ఎవరి యింటిలోనో ఉండును.

తక్కిన లోపములు ఇంత మోసకరమైనవి కావు. వేసవిలో గోదాములో పడియుండి గట్టిపడిన మన్నును పలుచని ముక్కలుగా కోసి, తడిగుడ్డలలో చుట్టి ఓపికతో నిలువయుంచినయెడల మరల మెత్తబడును. దుర్గంధము, బూజు చూచి మన్నును పారవేయుట అజ్ఞానము. నిలువయుండిన మంటికి జిగట పెరుగును. ఒక సంచి మరియొక సంచివలె ఉండదు గనుక, ప్రతి సంచినుండి చిన్న పలక చేసి, దానిమీద పది సెంటీమీటర్ల గీత గీచి, కాల్చి, మరల కొలువవలెను. గీత తొమ్మిదికి వచ్చినచో మన్ను నూటికి పది వంతులు కుంచించినదని అర్థము. సున్నమును కనుగొనుటకు, ఆరిన మంటిమీద పలుచని ఆమ్లము ఒక చుక్క వేసి బుడగలు లేచునేమో చూడవలెను. నీళ్లలో కలిపి సన్నని జల్లెడలో వడియకట్టుట దానికి మంచి విరుగుడు.

కొలిమి ఇటుకల పనిలో జీవితము గడిపి విశ్రాంతి తీసికొనుచు, ఇప్పుడు కుండలు చేయుచున్న ఒక తెలుగు పెద్దమనిషిని నేనెరుగుదును. కొనిన మంటిని ఇంత శ్రమతో పరీక్షించుట దేనికి, అమ్మినవానినే అడుగరాదా అంటిని. “అడుగుతానండి అయ్యగారూ, డబ్బు కూడా తిరిగి పుచ్చుకుంటాను. కాని కుండ కొన్నవాళ్లకు దుకాణం పేరు తెలియదు గదా, నా పేరే తెలుసు” అనెను. ఇందులో రెండు సత్యములున్నవి. అమ్మినవాని తప్పు తప్పే. దానిని కప్పిపుచ్చుట సాత్వికము కాదు. అయినను ఆ తప్పును చూపి తన చేతిపనినుండి తాను తప్పించుకొనుటకు వీలులేదు.

ఇప్పుడు యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయమును చూడుడి. కుమ్మరి చేతిలో పాత్ర చెడెను. మన ప్రసంగీకులు అనేకులు ఇచ్చట మంటిలో ఒక రాయిని తామే పెట్టి, ఆ రాయి మన పాపమని బోధింతురు. మూలములో రాయి లేదు. చెడెనని చెప్పుటకు వాడబడిన హెబ్రీ క్రియ, ఆదికాండము 6వ అధ్యాయములో భూలోకము చెడిపోయెనని చెప్పునదే. గనుక చెడుట స్వల్పమైనది కాదు. అయితే చెడిన స్థలము చెప్పబడెను గాని హేతువు చెప్పబడలేదు. ఆ స్థలము కుమ్మరి చెయ్యి. గ్రీకు అనువాదకులైతే ఆ వాక్యభాగములో మన్ను అను మాటనే విడిచిరి. కుమ్మరి మంటిని నిందింపలేదు; సారె విడిచి లేవలేదు.

దేవుడు కొనిన మంటితో పనిచేయువాడు కాడు. ఆదికాండము 2వ అధ్యాయములో నరుని నిర్మించుటకు వాడబడిన క్రియనుండియే హెబ్రీలో కుమ్మరి అను పేరు కలిగెను. మన్ను ఆయనది, చెయ్యి ఆయనది. మనమట్లు కాము. ఆదివారపు బడి ఉపాధ్యాయుడు, వసతిగృహపు పెద్ద, సంఘకాపరి, కోడలిని ఇంటికి తెచ్చుకొనిన అత్తగారు, వీరందరు ఇతరుల చేతిలో కలిసి వచ్చిన మంటినే అందుకొనుచున్నారు. ఊరు విడిచి భిలాయి వంటి చోటికి వచ్చిన యౌవనుడు తప్పిపోయినప్పుడు, “అతని పెంపకమే అట్టిది” అని సంఘపెద్దలు తీర్పు వ్రాసికొందురు. అది నిజమే కావచ్చును. కాని అతడు మన మధ్యనున్న మూడేండ్లలో జల్లెడ ఎవరు పట్టిరి? మరియొక మాట: మంటికి నోరులేదు, ఆ యౌవనునికి నోరున్నది. అతనిని అడుగవచ్చును. ఈ ఉపమానమును ఇంతకు మించి సాగదీసి, మనుష్యులమీద కుమ్మరి అధికారమును తమకు ఆపాదించుకొను కాపరులను చూచి నేను భయపడుదును.

19వ అధ్యాయములో పగులగొట్టబడినది కాలిన కూజా. అది మరల బాగుకాదని ప్రవక్త చెప్పవలసివచ్చెను. కావున పరీక్షలన్నియు ఆవమునకు ముందే. అయినను ఇటుకలు కాల్చువారియొద్ద ఒక పద్ధతి కలదు. సున్నమున్నదని అనుమానించిన ఇటుకలను ఆవమునుండి తీసిన వెంటనే, గాలి తేమ తగులకమునుపే, నీటిలో ముంచుదురు. సున్నము ఒక్కసారిగా తడిసి మెత్తని ముద్దయై, బ్రద్దలుచేయు బలమును చాలవరకు కోల్పోవును. ఆ పెద్దమనిషి కూడ అనుమానమున్న కుండలను అట్లే ముంచి, మూడు వారములు అటకమీద పెట్టి చూచును. అన్నియు నిలువవు. నిలిచినవాటినే ఇతరులకిచ్చును; పెంకు ఊడినవాటిలో తన పెరటి మొక్కలు నాటుకొనును.