మితమునకు కొలత యెక్కడ?

దేహమును, దాని తృష్ణలను నిర్దాక్షిణ్యముగా పరీక్షించిన వేమన యోగి సమాధి గాండ్లపెంట మండలములోని కటారుపల్లియందున్నది. అచ్చట నిలిచినవానికి, స్థౌల్యనివారణార్థమై నేడు విరివిగా జరుగుచున్న శస్త్రచికిత్స లేవనెత్తు ఒక ధర్మసందేహము మనస్సున మెదలక మానదు.

అట్టి చికిత్సలలో నొకటైన గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకొన్నవారికి జీర్ణాశయము చిన్న సంచియై మిగులును. పూర్వము అందులో కొంతసేపు నిలిచి, కొంత విచ్ఛిన్నమై, మెల్లగా దిగుచుండిన మద్యము ఇప్పుడు నేరుగా చిన్నప్రేగునకు జారి, నిమిషములలోనే రక్తమున అధికముగా చేరును. మత్తు దిగుటకును ఎక్కువకాలము పట్టును. 2012లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనయందు, చికిత్సకు ముందటి యేడాది 7.6 శాతము మందిలో కనబడిన మద్యవ్యసన లక్షణములు, చికిత్సానంతరము రెండవ యేట 9.6 శాతము మందిలో కనబడెను. ఆకలిని జయింపబోయినవానికి మద్యము శత్రువగుట ఎంత దారుణము!

నిన్నటి గ్లాసే నేడు మనుష్యుని పడద్రోసినచో దోషము సంకల్పమునందా, దేహమునందా? సంకల్పము మారలేదు, పరిమాణము మారలేదు. మారినది అన్నమయకోశము, అనగా అన్నముచే నేర్పడిన ఈ స్థూలదేహము, మాత్రమే. తైత్తిరీయోపనిషత్తు ఆత్మవిచారమును అన్నమయముతో నారంభించుట నాకిందువలననే మిక్కిలి అర్థవంతముగా తోచును. దేహము నెరుగని నిగ్రహము గ్రుడ్డిది. తెలియక తూలినవానిని పాపియనుట అన్యాయమనియే నా నిశ్చయము. తెలిసిన పిమ్మట అతని బాధ్యత అతనిదే యైనను, ఆ తెలివిని కలిగించు భారము అతని యొక్కనిది కాదు: వైద్యుడు కత్తి పట్టకముందే ఈ మాట విప్పి చెప్పవలెను, బంధువులు పెండ్లిండ్లలో “ఒక్కటేగదా” యని బలవంతపెట్టుట మానవలెను.