ముసలిదైతే వదిలేయాలా?



మా మధిర విచారణలో ఒంటరిగా జీవించే ఒక పెద్దావిడ ఉంది. ఆదివారం పూజకు అందరికన్నా ముందే వచ్చి కూర్చుంటుంది. అలాంటిది వరుసగా రెండు ఆదివారాలు రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని దివ్యసత్ప్రసాదం తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె బాగానే ఉంది. జబ్బు చేసింది ఆమె పెంచుకున్న పిల్లికి. పదిహేనేళ్ల పిల్లి. భర్త బతికున్న రోజుల్లో మిరపకాయల బస్తాల మధ్య దొరికిన కూనట. ఇప్పుడు ఎముకలు తేలి, మంచం కింద గోనెపట్టా మీద పడి ఉంది.

"పిల్లి కోసం పూజ మానుకున్నావా అమ్మా?" అని కాస్త గట్టిగానే అడిగాను. ఆమె తలవంచుకుని, "నేను దగ్గర లేకపోతే నీళ్లు కూడా ముట్టదు ఫాదర్ గారూ. మా అబ్బాయేమో తీసుకెళ్లి ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నాడు. ముసలిదైతే వదిలేయాలా?" అంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు చప్పున జవాబు తోచలేదు.

ఆమె చేతిలో జ్వరం మాత్ర సగం ముక్క ఉంది. పిల్లికి వేద్దామనుకుంటోంది. ఎందుకైనా మంచిదని పశువైద్యుణ్ణి అడిగించాను. ఆయన కంగారుగా ఆపమన్నాడు. మనం మామూలుగా వేసుకునే పారాసిటమాల్‌ను పిల్లి శరీరం అరిగించుకోలేదు, ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు అన్నాడు. పరీక్షించి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పాడు. ముసలి పిల్లులకు తరచుగా వచ్చే జబ్బే ఇది. నీళ్లు మాటిమాటికీ తాగుతుంది, తిండి తగ్గుతుంది, ఒళ్లు చిక్కుతుంది. నయం కాదు గాని బాధ తగ్గించవచ్చు. చర్మం కింద సెలైన్ ఎక్కించాడు. ఎప్పుడూ మంచినీళ్లు దగ్గర పెట్టమన్నాడు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన మెత్తని మాంసం కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు.

చూడండి, ప్రేమ ఉంటే చాలదు. ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. ఏది మేలో తెలుసుకోవడం కూడా ఆ ప్రేమలో భాగమే.

ఇంటికి వచ్చి 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం తెరిచాను. 2416 నుండి 2418 వరకు ఉన్న పేరాలలో రెండు సత్యాలు పక్కపక్కనే ఉన్నాయి. జంతువులు దేవుని సృష్టి, వాటిపట్ల దయ చూపడం మన బాధ్యత, వాటిని అనవసరంగా బాధించడం మానవ గౌరవానికే తగదు. అలాగే, మనుషులకు చెందవలసిన ప్రేమను వాటికి మళ్లించకూడదు, పేదవాని బాధ తీర్చవలసిన సొమ్మును వాటికి ఖర్చు చేయకూడదు. నేను ఆవిడను గద్దించినప్పుడు రెండవ సత్యమే గుర్తుంది. మొదటిది మరచిపోయాను.

నిజానికి ఆమె ఎవరి అన్నం లాక్కుని పిల్లికి పెట్టింది? తన గిన్నెలోది తీసి పెట్టింది. మూగజీవాలపై జాలి అలవడినవాడు తోటి మనిషిపై జాలిపడటానికి మరింత సిద్ధంగా ఉంటాడని కూడా తోమాసుగారే అన్నారు. పవిత్ర గ్రంథంలో పిల్లి ప్రస్తావన బారూకు గ్రంథంలో ఒక్కచోటే కనిపిస్తుంది. కాని తోబీతు గ్రంథంలో, దూరప్రయాణం చేసే కుర్రవాని వెంట ఇంటి కుక్క కూడా నడిచిందని రాసి ఉంది. దాన్ని రాయకపోయినా కథ ఆగదు. అయినా పవిత్ర గ్రంథం దాన్ని విడిచిపెట్టలేదు.

మరి పూజ మాట? దానికీ దారి దొరికింది. పక్కింటి అమ్మాయి ఆదివారం ఒక గంట పిల్లి దగ్గర కూర్చుంటానంది. మరుసటి వారం పెద్దావిడ మళ్లీ తన చోటనే కనిపించింది.

ఆరు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున ఆ పిల్లి ఆమె ఒడిలోనే కన్నుమూసింది. పెరట్లో వేపచెట్టు కింద పాతిపెట్టారు. "అది ఎక్కడికి పోతుంది ఫాదర్ గారూ?" అని ఆమె అడిగింది. పిచ్చుకల్లో ఒక్కదాన్ని కూడా తండ్రి మరువడని ప్రభువు చెప్పారు, ఆ మాట మనకు చాలునమ్మా అన్నాను. అంతకన్నా చెప్పే అధికారం నాకు లేదు.

ప్రియులారా, ఆమె మొదట అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదు. "ముసలిదైతే వదిలేయాలా?" పిల్లి పోయిన తర్వాత కూడా ఆ ప్రశ్న ఆ ఇంట్లోనే ఉంది, ఒంటరిగా మంచం మీద కూర్చుని ఉంది. మన ఇళ్లలో ఎన్ని మంచాల మీద అది కూర్చుని ఉందో! మీ ఇంట్లో జబ్బుపడ్డ మూగజీవం ఉంటే దానికి నీళ్లు పెట్టండి, వైద్యునికి చూపించండి. ఆ చేత్తోనే, ఈ వారం ముగిసేలోగా, దూరాన ఉన్న మీ అమ్మకు ఒక్కసారి ఫోన్ చేయండి. వీలైతే వెళ్లి, పక్కన కూర్చోండి. దీనులను విడువని ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.