రంగు క్రింది తుప్పు



మత్తయి సువార్త 6వ అధ్యాయము 19వ వచనములో మన బైబిలు తుప్పు అని చెప్పినచోట మూలమందున్న గ్రీకు మాటకు అసలు అర్థము తినుట. ఇనుమును తుప్పు తినివేసినదని మన రైతులును అందురు. కొడవలిని వానకాలము చూరులో దోపి మరచినవారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. అయితే ఈ నెల మేము అడుగదలచిన ప్రశ్న వేరు. తుప్పు తినిన వస్తువును, ఆ సంగతి తెలిసియు, రంగు వేసి మరియొకనికి అమ్మవచ్చునా? కొనువాడు అడుగనప్పుడు చెప్పక ఊరకుండుట అబద్ధమగునా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములోనుండి రాలేదు. నరసరావుపేటకు సమీపమున ఒక గ్రామములో మేమెరిగిన కుటుంబమునకు పాత అంబాసిడర్ కారు ఒకటి యుండెను. ఇంటి పెద్ద దానిని బాపట్లలో కొని చాల యేండ్లు నడిపెను. కాన్పు నొప్పులు పడు స్త్రీలను అర్ధరాత్రివేళ పేట ఆసుపత్రికి చేర్చినది ఆ కారే. ఆయన మరణించిన పిమ్మట అది మూడేండ్లు పశువులపాక ప్రక్కను టార్పాలిను క్రింద నిలిచియుండెను. ఆయన వైద్యమునకు చేసిన అప్పును అట్లే నిలిచియుండెను. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో ఈ కార్లను చేయుట 2014లో ఆపివేసిరి గనుక, ఇప్పుడు పాతవాటిని వెదకి కొనువారున్నారు. హైదరాబాదునుండి అట్టివారొకరు చూడవచ్చెదనని కబురు పంపిరి.

పెద్దకుమారుడు టింకరింగు మేస్త్రీని పిలిపించెను. మేమును వెళ్లితిమి. పైకి కారు బాగుగనే యుండెను. తలుపుల క్రింది అంచున మాత్రము రంగు పొక్కులు లేచియుండెను. మేస్త్రీ కాళ్లక్రింది పట్టా ఎత్తి, స్క్రూడ్రైవరుతో నేలరేకును పొడిచెను. తడిసిన అట్టలో దిగినట్లు దిగి అది అవతలికి పోయెను.

రెంటచింతల యెండలు గల మన పల్నాటిలో ఇనుము ఇంతగా ఏల తినబడెనని మీరు అడుగవచ్చును. తుప్పు పట్టుటకు నీరును గాలియు రెండును కావలెను. ఉప్పు తోడైనచో పని త్వరపడును. ఆ కారు మొదట సముద్రపు గాలిలో తిరిగెను. తరువాత సాగరు కాలువ క్రింది మాగాణి బాటలలో తిరిగినప్పుడు బురద చక్రములపై రేకుల మూలలలో ఇరుకుకొని, తేమను రోజులకొలది పట్టియుంచెను. పశువుల మూత్రములోను ఉప్పులు గలవు. అన్నిటికంటె మోసము చేసినది ఆ టార్పాలినే. వాననుండి కాపాడునని బిగించి కట్టిరి. నేలనుండి లేచిన ఆవిరి బయటికి పోలేక దాని క్రిందనే నిలిచెను. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక రంగును లోపలనుండి పైకి నెట్టును. పొక్కు మన కంటబడునప్పటికి లోపలి పని చాలవరకు ముగిసియుండును.

“రెండు దారులున్నాయి అయ్యగారూ” అని మేస్త్రీ చెప్పెను. మొదటిది, కుళ్లిన రేకును కోసి క్రొత్తరేకు వెల్డింగు చేయుట. మిగిలినచోట్ల మెరుగు ఇనుము కనబడువరకు గీకి, ఫాస్ఫారిక్ ఆసిడ్ పూసి, రెడ్ ఆక్సైడు కొట్టి, ఆపైన రంగు వేసి, బోలు భాగములలో నూనెయో మైనమో పోయుట. (ఢిల్లీలోని ఇనుప స్తంభము దాదాపు 1600 ఏండ్లుగా నిలుచుటకు అందులోని భాస్వరము ఒక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు, ఈ ఆసిడ్ చేయు పనియు దానికి దగ్గరిదే.) రెండవది, రంధ్రములపై గుడ్డ అంటించి లప్పము పెట్టి రంగు కొట్టుట. “రెండు రోజుల పని. అయస్కాంతం పెట్టి చూస్తే తప్ప తెలీదు” అనెను.

మేము సిగ్గుపడుచు వ్రాయుచున్నాము. అప్పు సంగతి ఎరిగియున్నందున, “పాత బండి కొనువాడు తానే చూచుకొనవలెను గదా” అని మొదట అన్నది మేమే. తల్లి గడపలోనుండి వినుచుండెను. “ఆ రేకు మీదే గదయ్యా కాళ్లు పెట్టుకు కూర్చునేది? పిల్లల్ని ఎక్కించుకు పోతాడేమో” అనెను.

ఆమె భయము సరియైనదే. లారీకివలె ఆ కారునకు వేరుగా చాసిస్ లేదు. నేలరేకులును తలుపుల క్రింది పెట్టె దూలములును దానికి ఎముకలు. అవి కుళ్లినచో అందము మాత్రమే కాదు, బలమే పోవును.

ఇంటికి వచ్చి నిర్గమకాండము 21వ అధ్యాయము మరల చదివితిమి. పొడుచు ఎద్దును గూర్చిన న్యాయము అక్కడ ఉన్నది. దాని గుణము ఎరుగని యజమానునికి ఒక తీర్పు; ముందుగా హెచ్చరింపబడియు దానిని కట్టివేయనివానికి వేరొక తీర్పు. ఎద్దు అదే, పోటు అదే, తెలిసియుండుటయే భేదము. పిమ్మట గోతి సంగతి వచ్చును. గోయి త్రవ్వి కప్పనివాడు, అందులో పడిన పశువునకు నష్టపరిహారము ఇయ్యవలెను. అక్కడ కప్పకపోవుట నేరము. మా కారులోనైతే గోయి కనబడకుండ కప్పుటయే నేరమగును.

అట్లయిన ప్రతి గీతను, ప్రతి సొట్టను చెప్పవలెనా? అక్కరలేదని మా అభిప్రాయము. కొనువానికి కన్నులున్నవి. అతని కన్నులకు అందక మనకు మాత్రమే తెలిసినది ఏదో, అదే మనము అతనికి బాకీ. సంతలో అమ్మువాడు హెచ్చించును, కొనువాడు అనుమానించి తగ్గించును, రెండును సరిపోవునని కొందరు సహోదరులు వాదింతురు. ఆ లెక్క ధరకు సరిపోవునేమో గాని ప్రాణమునకు సరిపోదు.

కొనువారు వచ్చిన దినమున పెద్దకుమారుడు తానే పట్టా ఎత్తి చూపెను. ఆయన మోకాళ్లూని చాలసేపు తట్టి చూచి, అనుకొన్న ధరలో మూడవవంతు తగ్గించి, కారు తీసికొనెను; మొదటి దారినే బాగుచేయుమని మేస్త్రీకి అప్పగించెను. తలుపు క్రింది దూలమును కోసినప్పుడు ఎండిన బురదయు దానితో వరిగడ్డి తునకలును రాలెను. మేస్త్రీ ఇనుప తీగతో అడుగు రంధ్రములను పొడిచి తెరచి, “వీటిని మూసుకుపోనియ్యకండి, నీళ్లు పోయే దారి ఇదే” అని ఆయనకు చూపించెను. ఇంటివారి అప్పులో కొంత ఇంకను మిగిలియున్నది. చిన్నకుమారుడు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పనికి పోవుచున్నాడు.