ఏ పగులు ఎవరిది?

మా నాన్న ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో ఏఈగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా గెడ్డల మీద కల్వర్టులు, పంచాయతీ రోడ్లు, బడి గదులు. లంచం తీసుకోడని ఊళ్ళో పేరు. తీసుకోడు గనకే మేడ మెట్లు సగంలో ఆగిపోయాయని అమ్మ సాధింపు. అలాంటి మనిషి సర్కారు కాగితం మీద అబద్ధం రాయడం నేను కళ్ళారా చూశాను. చూడ్డమేంటి, ఆ వాక్యం ఫెయిర్ చేసిందే నేను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దసరాకని నేను హైదరాబాద్ నుంచి వచ్చేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలు ఒలికినట్టు పడున్నాయి. జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు. నాన్న పగలంతా బండి మీద ఊళ్ళు తిరిగి కొలతలు తెచ్చేవాడు, రాత్రి ఛార్జింగ్ లైటు ముందు కూర్చుని ఎస్టిమేట్లు వేసేవాడు. నా దస్తూరీ బావుంటుందని చివరి కాపీ నాకిచ్చేవాడు.

అందులో ఒక బడి గురించి ఇలా ఉంది: తుఫాను గాలివానకు తరగతి గది తూర్పు గోడ బీట వారినది, స్లాబు పెచ్చులూడి కడ్డీలు బయటపడినవి.

నా పెన్ను ఆగిపోయింది. ఆ గోడ నాకు తెలుసు. ఇంటర్ సెలవుల్లో నాన్న బండెక్కి సైట్లకి వెళ్ళినప్పుడు ఆ పగులు చూశాను. పిల్లలు అందులో సుద్దముక్కలు, చింతపిక్కలు దోపేవాళ్ళు. ఏ తుఫానూ రాకముందు సంగతి అది.

“ఇది తుఫాన్ది కాదు కదా నాన్నా?”

“కాదు.” తలెత్తకుండానే చెప్పాడు. “నాలుగేళ్లబట్టి మరమ్మతుకి రాస్తన్నాను. ఒక్క రూపాయొచ్చిందా? ఇప్పుడైతే వస్తాది. రాయి.”

రాశాను. ఆ రాత్రి నాకు అది అబద్ధంలాగే అనిపించలేదు. పిల్లల నెత్తిన స్లాబు పడకుండా ఆపడం ముందు ఒక వాక్యం ఎంత! ఆ తర్వాత చాలాసార్లు దాని గురించి ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఆ వాక్యంలో తప్పుంది అనే అనిపిస్తోంది. కానీ తప్పు నేను అనుకున్న చోట లేదు.

ముందు ఆ డబ్బు సంగతి చెప్పాలి. విపత్తు వచ్చినప్పుడు బళ్ళకీ రోడ్లకీ కరెంటు స్తంభాలకీ రిపేరు డబ్బు ఇచ్చేది ప్రధానంగా రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి. దాన్నుంచి దేనికెంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ ఒక పట్టిక ఇస్తుంది. తిత్లీ నాటికి అమల్లో ఉన్నది 2015లో వచ్చిన పట్టిక. అందులో దెబ్బతిన్న ప్రాథమిక పాఠశాలకి గరిష్ఠంగా లక్షన్నర. హైస్కూళ్ళకీ కాలేజీలకీ ఏమీ లేదు. రోడ్డుకి కిలోమీటరు లెక్క, స్తంభానికి స్తంభం లెక్క. అదీ తక్షణం చెయ్యాల్సిన మరమ్మతులకే. ఇంకో షరతుంది: రాష్ట్రం తన బడ్జెట్లో మామూలు నిర్వహణకి, మరమ్మతులకి పెట్టుకున్న డబ్బు ముందు వాడుకోవాలి. ఆ షరతు చదివి నాకు నవ్వొచ్చింది. నాన్న నాలుగేళ్ళు దేవుళ్ళాడింది ఆ పద్దులోనే కదా.

ఏవి విపత్తులో దానికీ జాబితా ఉంది. తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ళు, కొండచరియలు, హిమపాతం, మేఘ విస్ఫోటం, చీడల దాడి, అతి శీతల గాలులు. మొత్తం పన్నెండు. ఇవి కాక స్థానిక విపత్తులంటూ రాష్ట్రాలు ప్రకటించుకున్న వాటికి నిధిలో పది శాతం దాకా వాడుకోవచ్చు. ఎక్కడ వెతికినా కనపడనిది ఒకటే, కాలం. ఏళ్ళ తరబడి వాన చెమ్మ స్లాబులోకి దిగి, ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, సిమెంటు పెచ్చుని తోసేయడం విపత్తు కాదు. ఒక్క రాత్రిలో జరిగితేనే విపత్తు.

కాకతాళీయం అన్న మాట మనం తేలిగ్గా వాడేస్తాం. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలింది కాకి వల్లా, అప్పటికే పండినందువల్లా అనేది అందులో అసలు ప్రశ్న. విపత్తు నిధికి ఆ ప్రశ్న అక్కర్లేదు. కాకి వాలిందని సర్టిఫికెట్ తెస్తే డబ్బిస్తుంది. పండు ఎప్పటినుంచి పండుతోందో అడగదు. ఒకవేళ అడిగిందా, డబ్బు ఎగ్గొట్టడానికే అడుగుతుంది.

ఇక్కడొక న్యాయపరమైన చిక్కుంది. ప్రభుత్వం ఆ బడికి నిజంగానే బాకీ ఉంది. నాలుగేళ్ళ మరమ్మతు బాకీ. నాన్న రాసిన బాకీ నిజం, కారణం అబద్ధం. అప్పిచ్చినవాడు తన డబ్బు రాబట్టుకోడానికి ప్రోనోటు మీద తేదీ మార్చడం లాంటిది. మీరు దాన్ని మోసమంటారా? నేను చాన్నాళ్ళు అనలేకపోయాను.

ఇదంతా మన దగ్గర డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన గొడవే అని కూడా అనుకునేదాన్ని. తర్వాత న్యూ ఓర్లీన్స్‌లో చారిటీ ఆస్పత్రి కథ చదివాను. 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చింది. చారిటీ అంటే ఆ ఊళ్ళో పేదల ఆస్పత్రి, ఇన్సూరెన్స్ లేని నల్లవాళ్ళ ఆస్పత్రి. 1736లో మొదలైన సంస్థ. కత్రినా నాటికి ఉన్న పెద్ద భవనం 1939ది. నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి, కరెంటు పోయింది, రోగుల్ని రోజుల తర్వాత గానీ బయటికి తేలేకపోయారు. కొన్ని వారాల్లోనే డాక్టర్లు, సిబ్బంది, సైనికులు కలిసి కింది అంతస్తులు కడిగి శుభ్రం చేశారు. ఇక తెరవొచ్చన్నారు. రాష్ట్ర అధికారులు తెరవలేదు.

ఎందుకు తెరవలేదన్న దానికి చాలా కారణాలు చెప్తారు. నేను ఆగింది ఒక నిబంధన దగ్గర. ప్రజా భవనాల రిపేరుకి అమెరికాలో డబ్బిచ్చేది ఫెమా. విపత్తు దెబ్బని బాగుచేసే ఖర్చు కొత్తది కట్టే ఖర్చులో సగం దాటితే, ఫెమా కొత్తదానికి డబ్బివ్వొచ్చు. సగం దాటకపోతే రిపేరుకే. అంటే యాభై శాతం దగ్గర ఒక గీత. ఆ గీతకి ఇవతల ఉన్నవాళ్ళకి శిథిలమే ఆస్తి. లూసియానా రాష్ట్రం భవనం సగానికి పైగా పోయిందని వాదించి 49.2 కోట్ల డాలర్లు అడిగింది. ఫెమా 15 కోట్లంది. దెబ్బలో చాలా భాగం కత్రినాది కాదు, ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ చెయ్యకపోవడం వల్ల వచ్చిందంది. సరిగ్గా మా నాన్న గోడ గొడవే! ఏ పగులు తుఫానుది, ఏ పగులు నిర్లక్ష్యానిది? ఐదేళ్ళ దాకా లాగి 2010 జనవరిలో మధ్యవర్తుల ప్యానెల్ రాష్ట్రం వైపు తీర్పిచ్చింది. 47.475 కోట్ల డాలర్లు.

ఆ డబ్బు కలుపుకుని కొత్త ఆస్పత్రి కట్టారు. దానికోసం ఒక పాత బస్తీని కూలగొట్టారు. 2015లో తెరిచారు. పెద్దదే, మంచిదే. మధ్యలో పదేళ్ళు చారిటీ ఖాళీగా నిలబడింది. ఆ భవనాన్నే బాగుచేసి ఆధునిక ఆస్పత్రిగా మార్చొచ్చని 2008లో ఒక ఆర్కిటెక్టుల సంస్థ అధ్యయనం చేసి చెప్పినా ఎవరూ వినలేదు.

ఇది చదివాక నాన్న వాక్యం నాకు ఇంతకు ముందులా కనపడలేదు. రాష్ట్రం వాదనలోనూ న్యాయం ఉంది. ఊరికి కొత్త ఆస్పత్రి కావాలి, కేంద్రం ఏళ్ళ తరబడి ఇవ్వలేదు, ఇప్పుడు తుఫాను పేరుతో వస్తోంది. నాన్న వాదన అక్షరం పొల్లుపోకుండా అదే. కానీ అక్కడ ఆ వాదన నెగ్గాలంటే భవనం పాడైనట్టే ఉండాలి. పాడైనట్టు ఉండాలంటే ఆస్పత్రి మూసుండాలి. మూసున్నన్నాళ్ళూ పేదవాడు ఎక్కడికి పోవాలి? అడిగింది న్యాయమైన బాకీనే, వడ్డీ కట్టింది మాత్రం వేరేవాళ్ళు.

మరి నాన్న వాక్యానికి వడ్డీ ఎవరు కట్టారు?

ఇది నాకు తర్వాతి సంక్రాంతికి తెలిసింది. ఆ బడికి లక్షన్నర వచ్చింది. స్లాబుకి లీకులు ఆపారు, కడ్డీలకి రంగేసి పెచ్చులు పూడ్చారు, గోడ పగులు సిమెంటుతో కప్పారు. కానీ నాన్న పంపిన లిస్టుని పైనుంచి కుదించమన్నారు. ఎప్పుడూ కుదించమంటారు, నిధికి ఒక అడుగుంటుంది. కుదించినప్పుడు పక్క ఊరి బడి జారిపోయింది. అక్కడ గదులు బావున్నాయి. గాలికి ఎగిరిపోయింది ఆడపిల్లల మరుగుదొడ్డి రేకులు, పడిపోయింది ప్రహరీ. గదా, మరుగుదొడ్డా అంటే ఏ ఇంజనీరైనా గదికే పైన నంబరేస్తాడు. నాన్న కూడా అదే చేశాడు. కాకపోతే తుఫాను నిజంగా విరిచింది రెండోదాన్ని.

ఆ బడి ఆయా మా అమ్మకి తెలుసు. పండక్కి వచ్చినప్పుడు మాటల్లో చెప్పింది. “పిల్లలు జీడితోటలోకెల్తన్నారమ్మా. ఆ తోటలో మాత్రం చాటేదీ, సెట్లన్నీ పడిపోనాయి కదా.” నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పలేదు.

మా నాన్న తప్పు చేశాడని నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఆయన అబద్ధం చెప్పింది ప్రభుత్వానికి అనుకున్నాడు. ప్రభుత్వం అంటే పెద్దది, ఎప్పుడూ ఎగ్గొట్టేది, దానికి అబద్ధం చెప్పినా పాపం లేదు అన్న లెక్క మనందరి బుర్రల్లో ఉంది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఎక్కడెక్కడ బొంకొచ్చో జాబితా చదివి వినిపిస్తాడు. చదువుకున్న ప్రతి తెలుగువాడికీ ఆ జాబితా నోటికొచ్చు. బలి దాన్ని పట్టించుకోలేదన్నది మాత్రం సగంమందికి గుర్తుండదు. ఆ జాబితాలో బడి స్లాబు లేదు గానీ ఉంటే బావుండేదని నాకు అనిపించిన రోజులున్నాయి. అయితే కొలిచి పోసిన నిధి ముందు చెప్పిన అబద్ధం ప్రభుత్వానికి తగలదు. అది లైన్లో మన వెనక నిలబడ్డ వాళ్ళకి తగులుతుంది. వాళ్ళ పేరు కాగితం మీద ఉండదు, అందుకే రాసేటప్పుడు చెయ్యి వణకదు.

అలాగని నిజం రాసుంటే? గోడ పాతది, తుఫానుతో సంబంధం లేదు అని రాసుంటే ఏమయ్యేది? బహుశా మరుగుదొడ్డికి రేకులొచ్చేవి. స్లాబు ఇంకో రెండు వానాకాలాలు పిల్లల మీద వేలాడేది. రెండిట్లో ఏది ఎంచుకోవాలో ఒక ఏఈ, ఛార్జింగ్ లైటు ముందు, ఒక్కడే తేల్చుకోవాల్సి రావడం... నాకు కోపం వచ్చేది అక్కడ. ఎంపిక అంటూ ఉంటే అది ఎప్పుడో పగటిపూట, నలుగురి ముందు, బడ్జెట్ పుస్తకంలో జరగాల్సింది.

ఇంకొకటి. ప్రతి బడికీ ఏటేటా ఏ గోడ ఎలా ఉందో కొలిచి రాసిపెట్టిన ఒక పుస్తకం ఉంటే ఈ గొడవ ఉండదు కదా అని నాన్నని ఒకసారి అడిగాను. తుఫాను ముందు ఏముందో, తర్వాత ఏముందో పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. ఆయన నవ్వాడు. “ఆ పుస్తకముంటే రేపు స్లాబు పడి ఎవరికైనా దెబ్బ తగిలితే, నీకు ముందే తెలుసు కదా అంటారు.” ముందు స్థితి రాసిపెట్టుకోకపోవడంలో అందరికీ ఒక సుఖం ఉంది. తుఫాను వచ్చి ఆ చేతకాని లెక్కలన్నీ ఒక్క ఊపున తుడిచేస్తుంది, కొత్త పేజీ మొదలవుతుంది.

నిబంధనలు కొంత మారాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల్లో ముప్పై శాతం పునర్నిర్మాణానికనీ, ఇరవై శాతం ముందు జాగ్రత్త పనులకనీ విడదీసింది. అంతకు ముందు సాయం అంటే ప్రధానంగా ఆ పూటకి నిలబెట్టడమే. ఇది మంచి మార్పే, కాదనను. కానీ చెమ్మ, తుప్పు, చెదలు ఇప్పటికీ ఏ జాబితాలోనూ లేవు. వాటి పద్దు వేరు, ఆ పద్దు ఎలా ఉంటుందో పైన చెప్పాను.

నాడు–నేడు పనులు వచ్చినప్పుడు ఆ రెండు బళ్ళూ జాబితాకెక్కాయి. మొదటి బడి స్లాబు కొత్తగా పోశారు. పక్క ఊళ్ళో మరుగుదొడ్లు టైల్సు, నీళ్ళ ట్యాంకుతో సహా కట్టారు. అప్పటికి నాన్న రిటైరైపోయాడు. 2021లో ఒకసారి ఇద్దరం అటు వెళ్తుంటే బండి ఆపమన్నాడు. గేటు బయటే నిలబడి కాసేపు చూశాడు. లోపలికి రమ్మని హెచ్‌ఎం పిలిచినా వెళ్ళలేదు.

“తిత్లీ అప్పుడు ఇక్కడ ఐదో క్లాసు చదివిన పిల్లలు ఇప్పుడు ఏ క్లాసులో ఉంటారు?” అన్నాడు.

వేళ్ళ మీద లెక్కేసి ఎనిమిదన్నాను.

“ఎనిమిదా,” అని బండెక్కాడు.