రోజుకో పదం

కుప్పం నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె వచ్చే పొద్దుటి బస్సులో పిల్లలు ఫోన్లో ఆడే ఆట ఒకటుంది, వర్డిల్. ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, పదంలో ఉండీ చోటు మారితే పసుపు. 2021లో జోష్ వార్డిల్ దీన్ని అందరికీ అందించారు. మరుసటి జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఏ రోజైనా లోకమంతటికీ ఒకటే పదం. ఆ ఆటలో నాకు బాగా నచ్చేది అదే.

మరి తెలుగులో? మన గళ్ళనుడికట్టులో మదనపల్లెకు ఐదు గళ్ళు, పుంగనూరుకు నాలుగు, కుప్పానికి రెండే. 'ప్పం' అనే ఒక్క గడిలో పకారం, దాని ఒత్తు, సున్నా అన్నీ ఇమిడిపోతాయి. హల్లు కుదిరి గుణింతం తప్పితే ఏ రంగు వేయాలి? ఒత్తు ఒక్కటే తేడా వస్తేనో? ఇంగ్లీషు ఆటను ఉన్నదున్నట్టు దించుకుంటే ఇవి తేలవు. మన లిపికి తగ్గ నియమాలు మనమే రాసుకోవాలి.

తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు మూడు భాషల్లోనూ రోజుకో పదం ఇస్తే, ఆ బస్సులో నేనూ ఆడతాను.