శునకమునకొక చిరువాకిలి

గృహస్థుని ధర్మము గడపయొద్దనే తెలియును. ఉదయమున నీళ్ళు చల్లి ముగ్గు పెట్టునది గడప ముందరనే. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టునది గడపకే. అతిథిని ఆహ్వానించునదియు, రాకూడనివానిని నిలిపివేయునదియు గడపయే. కావున ఎవరికి ఏ ద్వారమున ప్రవేశము కల్పింపవలెనను ప్రశ్న పైకి వడ్రంగి పనివలె తోచినను, దాని వెనుక ధర్మనిర్ణయ మొకటి దాగియుండును. ఇంటి కుక్కకు ప్రత్యేకముగా ఒక చిన్న ద్వారము చేయింపవచ్చునా, కూడదా యను సందేహము అట్టిదే.

కడప మండలమున బద్వేలు పట్టణము లంకమల కొండలకును వెలికొండలకును నడుమ, సగిలేటి లోయలో నున్నది. అది వానలు తక్కువైన సీమ. వేసవిలో కడప బండలు పరచిన ముంగిలి మధ్యాహ్నమునకు పెనమువలె కాలును. అట్టి పట్టణమున నొక వైష్ణవ గృహమును పాఠకులు మనస్సున నిలుపుకొందురు గాక. ఇంటి వెనుక దొడ్డి. దొడ్డికి మొదటి మెట్టుగా ఒక పంచ. పంచకు పాత టేకు తలుపు. ఆ దొడ్డిని కొన్ని సంవత్సరములుగా కాచుచున్నది ఒక ఊరకుక్క. తలుపు మూసినచో అది ఎండలో మాడును. తెరచియుంచినచో కోతులును, దొంగలును వత్తురు. ఇంటి కుమారుడు తలుపు క్రింది భాగమున కుక్క దూరునంత సందు కోసి, దానికొక రెక్క వ్రేలాడగట్టుదునని తలచెను.

తల్లికి ఆ మాట రుచింపలేదు. "నాయనా, స్వామికి నైవేద్యము పెట్టు ఇల్లిది. కుక్కకు వాకిలి చేసి ఇచ్చినచో మడి ఎక్కడ నిలుచును?" అని ఆమె ప్రశ్న. "అమ్మా, పదియేండ్లుగా మన యిల్లు కాచుచున్నది. దానికి నీడ కూడ లేకపోయిన మన పూజ స్వామి మెచ్చునా?" అని కుమారుని ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలలో ఏదియు త్రోసివేయదగినది కాదు. తల్లి పలికినది శౌచధర్మము. కుమారుడు పలికినది దయాధర్మము. రెండును శాస్త్రమూలములే.

మొదట తల్లి పక్షమును విచారింపవలెను. శునకమును తాకిన స్నానము చేయవలెనని స్మృతులు విధించినవి. శ్రాద్ధమున బ్రాహ్మణులు భుజించునపుడు కుక్క చూపు పడరాదని మనుస్మృతి చెప్పినది. ఇవి ద్వేషముచే పుట్టిన మాటలు కావు. వీథులలో కనబడినదెల్ల తిని, ఎక్కడపడిన అక్కడ పొరలు జంతువు వంటయింటికిని, దేవుని గదికిని దూరముగా నుండవలెననుట ఆరోగ్యమునకును హితమే. అయితే ఆ మనుస్మృతియే వైశ్వదేవానంతరము గృహస్థుడు కుక్కలకును, సంఘము వెలివేసినవారికిని, రోగగ్రస్తులకును, కాకులకును, కీటకములకును అన్నము పెట్టవలెననియు, దానిని విసరివేయక మెల్లగా నేలపై నుంచవలెననియు చెప్పినది. మెల్లగా అను ఆ ఒక్కమాటలో ఎంత మర్యాద యున్నదో గమనింపదగును. కృష్ణయజుర్వేదమున రుద్రాధ్యాయపు నాలుగవ అనువాకము శునకములకును, శునకపాలకులకును నమస్కారము చెప్పుచున్నది. దూరముగా నుంచుమన్న శాస్త్రమే ఆకలితో నుంచకుమనియు చెప్పినదన్నమాట.

ఇతిహాసములలో శునకము మూడు ద్వారములయొద్ద నిలిచినది. ఆ మూడు ఘట్టములును ఈ సందేహమునకు మార్గము చూపును.

మొదటిది యజ్ఞశాలా ద్వారము. కురుక్షేత్రమున జనమేజయుడు సోదరులతో దీర్ఘసత్రము చేయుచుండగా దేవశునియైన సరమ కుమారుడు అటు వచ్చెను. రాజసోదరులు వానిని కొట్టిరి. సరమ వచ్చి, తన బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏ తప్పునకు కొట్టితిరని అడిగెను. ఎవ్వరును బదులు పలుకలేదు. ఊహింపని భయము వారికి కలుగునని ఆమె శపించెను. యజ్ఞశాలలోనికి శునకము రావచ్చునని సరమ వాదింపలేదు. నిరపరాధిని కొట్టరాదని మాత్రమే వాదించినది. శౌచనియమము హింసకు అనుమతిపత్రము కాదని ఈ కథ తెలుపును.

రెండవది రాజద్వారము. శ్రీమద్రామాయణ ఉత్తరకాండమున వ్యాఖ్యాతలు ప్రక్షిప్తములుగా నెంచిన సర్గలలో, తల పగిలిన శునకమొకటి శ్రీరాముని వాకిట నిలిచినట్లున్నది. లక్ష్మణుడు లోపలికి రమ్మనగా, దేవాలయములందును, రాజగృహములందును, బ్రాహ్మణగృహములందును తమవంటివారు ప్రవేశింపరాదని అదియే పలికి, రాజాజ్ఞ యైన పిదప లోనికి వచ్చెను. భిక్ష దొరకక ఆకలితో తిరుగు బ్రాహ్మణుడొకడు, దారిలో అడ్డుగా నున్నదని దానిని కఱ్ఱతో కొట్టెను. స్వామి ఇరుపక్షముల మాటలను వినెను. ఇచ్చట విశేషమేమన, తన హద్దు నెరిగినది శునకమే. ద్వారము తెరచినవాడు ప్రభువు. హద్దు నెరిగినవానికి ద్వారము తెరచుట వలన హద్దు చెడలేదు, న్యాయము నిలిచినది.

మూడవది స్వర్గద్వారము. మహాప్రస్థానమున తమ్ములును ద్రౌపదియు నేలకొరిగిన పిదప ధర్మరాజు వెంట మిగిలినది ఒక శునకమే. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గమున తావు లేదనియు, వారి ఇష్టాపూర్త ఫలమును క్రోధవశులు హరింతురనియు చెప్పెను. తల్లి చెప్పిన మాట ఇంద్రుడు చెప్పినదే. ఆ పక్షమునకు ఇంతకంటె బలమైన ప్రమాణము లేదు. ధర్మరాజు ఏమని బదులు పలికెను? శునకము పవిత్రమని వాదింపలేదు. ఇంద్రుని విధి తప్పనియు అనలేదు. ఇది తనను ఆశ్రయించినది, భక్తితో వెంబడించినది, భక్తుని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని మాత్రము పలికెను. స్వర్గమునే వదలుకొనుటకు సిద్ధపడెను. ఆ శునకము ధర్మదేవతయే యని తరువాత తెలిసినది. కాని ఆ సంగతి తెలియకముందే నిర్ణయము జరిగినది. అందులోనే దాని విలువ యున్నది. దేవతయని తెలిసి ఆదరించుట ఎవరికైన సాధ్యము. కుక్కయని తెలిసియే విడువకుండుట ధర్మరాజునకు సాధ్యమైనది.

శరణాగతిని ప్రాణముగా నెంచు శ్రీవైష్ణవులకు ఈ ఘట్టమున వేరు వ్యాఖ్యానము అక్కరలేదు. సముద్రతీరమున విభీషణుడు వచ్చినపుడు స్వామి అతని కులమును గుణించలేదు. ఆశ్రయించినవానిలో దోషమున్నను విడువరాదనుట ఆయన వ్రతము. ఆ స్వామిని పూజించు ఇంట, పదియేండ్లు కాచిన జీవమునకు నీడ లేకుండుట పొసగదు. అట్లని మడిని గాలికి వదలుటయు పొసగదు. కావలసినది రెంటికిని చోటిచ్చు ఏర్పాటు. చిరువాకిలి అట్టి ఏర్పాటే, సరియైన తావున నుంచినచో.

ఆ తావును, ఆ పనిని కొంత వివరించుట ఉచితము. సింహద్వారమునకు ఇట్టి సందు కోయరాదు. దొడ్డి తలుపునకే తగును. అది పంచలోనికి మాత్రమే దారి యియ్యవలెను. పంచకును వంటయింటికిని నడుమ మరియొక తలుపుండవలెను. మట్టిగోడను, రాతిగోడను తొలిచినచో పైబరువునకు గోడ బలహీనమగును. కావున తలుపు పలకనే కోయుట మేలు, అదియు అడ్డపట్టీలు తెగకుండునట్లు. కుక్క నిలిచియుండగా భుజము ఎత్తును, ఱొమ్ము వెడల్పును కొలువవలెను. సందు పై అంచు భుజముకంటె ఒకటి రెండంగుళములు ఎత్తున, వెడల్పు ఱొమ్ముకంటె రెండంగుళములు ఎక్కువగా నుండిన చాలును. క్రింది అంచు నేలకు నాలుగైదంగుళములు పైన నున్నచో వాననీరు లోనికి రాదు. తేళ్ళు, జెఱ్ఱుల భయమును కొంత తగ్గును. కోసిన అంచులను ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. రెక్కను పైనుండి రెండు బందులతో, ఇరువైపుల ఊగునట్లు వ్రేలాడదీయవలెను. పాత లారీ ట్యూబు రబ్బరు ముక్కయైనను రెక్కగా పనికివచ్చును. లోపలి గొళ్ళెమునకు దొంగ చేయి అందనంత దూరమున సందు ఉండవలెను. రాత్రి మూయుటకు లోపల చిన్న గడియ ఉండవలెను.

కుక్కకు అలవాటు చేయుటకు దండన అక్కరలేదు. మొదటి రెండు మూడు దినములు రెక్కను పైకెత్తి కట్టి, ఆవలనుండి పేరు పెట్టి పిలిచి, వచ్చిన వెంటనే ఇంత ముద్ద పెట్టిన చాలును. పిదప రెక్కను కొంచెము కొంచెముగా దింపవలెను. శునకమునకు మనుష్యునివలె ఒడలెల్ల చెమట పట్టదు. పాదములందు మాత్రమే కొంత చెమర్చును. నాలుక చాచి ఒగర్చియే అది వేడిని తగ్గించుకొనును. కావున మండువేసవిలో నీడయు, మట్టిపాత్రలో నీరును దానికి భోగములు కావు, ప్రాణాధారములు.

ప్రార్థనా మందిరములందును ఇట్టి ద్వారము లుండుట కలదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరపు పెద్ద క్రైస్తవాలయమున, ప్రాచీన ఖగోళ గడియారము క్రిందనున్న తలుపునకు, పిల్లి వచ్చి పోవుటకై కోసిన గుండ్రని రంధ్రము నేటికిని కనబడును. అది 1598 ప్రాంతమున చేయించినదని చెప్పుదురు. గడియారమునకు రాచిన కొవ్వుకొరకు ఎలుకలు చేరుచుండెనట. మన ఇండ్లలోను శునకము చేయు సేవ అట్టిదే. సేవ గైకొనుటకు వెనుదీయనివారు దారి యిచ్చుటకు వెనుదీయుట న్యాయము కాదు.

అయితే దయకును మోహమునకును భేదము గలదు. భాగవత పంచమస్కంధమున భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను రక్షించెను. రక్షించుట తప్పు కాదు. దానిని తలచుచు నిత్యకర్మలను విడిచి, చివరకు దాని తలపుతోనే ప్రాణము విడుచుట చేత అతనికి మృగజన్మ కలిగెను. చిరువాకిలి ఈ దోషమునకు కొంత విరుగుడు. గొలుసు ఒకవైపే లాగును. రెక్క ఇరువైపుల ఊగును. రాదలచిన వచ్చును, పోదలచిన పోవును. ఇది నాది, నా యొద్దనే పడియుండవలె ననుట మోహము. నీకు తావున్నది, రమ్ము, పొమ్ము అనుట దయ. పొట్టి గొలుసుతో అతిగా కట్టివేయుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా నెంచినది. ప్రాణులయెడ దయ పౌరుని విధియని 1976 నాటి సవరణ ద్వారా రాజ్యాంగమునందును చేరినది.

దారి యిచ్చినవాడు బాధ్యతయు వహింపవలెను. 1885లో లూయీ పాశ్చరు పిచ్చికుక్క కాటునకు మందు కనుగొనెను. అయినను నేటికిని ఆ రోగము ప్రపంచమున వేలాదిమందిని బలిగొనుచున్నది. ఏటేట టీకా వేయింపక దయ చూపుట ఇరుగుపొరుగువారి బిడ్డలయెడ నిర్దయ. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము వీథికుక్కలను గూర్చి, ముందు అన్నిటిని ఆశ్రయములకు తరలింపుమనియు, పిమ్మట టీకాయు సంతాననిరోధ చికిత్సయు చేసిన వానిని, రోగము గలవియు క్రూరమైనవియు తప్ప, తిరిగి వాని తావులకే విడువుమనియు ఢిల్లీ ప్రాంతమునకు ఆదేశించినది. దేశమంతట ఆ చర్చ తీవ్రముగా సాగినది. భయపడిన తల్లిదండ్రులును, జాలిపడిన అన్నదాతలును, ఇరువురును నిజమే పలికిరి. ఒక్కొక్క గృహస్థు ఒక్కొక్క కుక్కను తనదని చెప్పుకొని, టీకా వేయించి, వాకిలి చూపినచో ఆ చర్చకు సగము సమాధానము వీథులలోనే దొరకును.

ఇక చివరి విషయము అన్నింటికంటె కఠినమైనది. శ్రీమద్భగవద్గీత అయిదవ అధ్యాయమున పండితుల సమదృష్టిని చెప్పుచు భగవానుడు బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, శునకమును పేర్కొని అంతటితో నిలువలేదు. శునకము వెంటనే, లోకము కడజాతియని దూరముంచిన మనుష్యుని కూడ పేర్కొనెను. ఈ సీమవాడే యైన తాళ్ళపాక అన్నమాచార్యులు ఏనుగు మీదను కుక్క మీదను కాయు ఎండ ఒక్కటియే యని పాడుచు, ఆ పాటలోనే బ్రాహ్మణుడు మెట్టు నేలయు, చండాలుడు మెట్టు నేలయు నొక్కటియే యనెను. శునకమునకు వాకిలి కోసి, అదే దొడ్డిలో పని చేయు మనుష్యునికి వేరు గ్లాసు నుంచినచో, ఆ దయ కుంటుదయ యగును. లోకసారంగముని తిరుప్పాణాళ్వారులను భుజములపై మోసి శ్రీరంగనాథుని సన్నిధికి చేర్చెనను చరిత్రను చదువు ఇండ్లలో ఇది మరువరాదు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు బీబీ నాంచారమ్మను తలచి స్వామి దర్శనమునకు వత్తురు. ఆ ఆలయ ద్వారము వారిని ఆపలేదు. కుక్కకు తావిచ్చుటకు అంగీకరించిన మనస్సు మనుష్యునికి మంచినీళ్ళిచ్చుటకు సంకోచించినచో, ఆ మనస్సు దయ నేర్వలేదు, ముచ్చట తీర్చుకొన్నది.

కావున బద్వేలు తల్లికిని కుమారునికిని నడుమ తీర్పు ఒక్కమాటలో తేలునది కాదు. తల్లి అడిగిన హద్దు నిలువవలెను: దేవుని గదికిని, వంటయింటికిని శునకము రారాదు, తాకినవారు కాళ్ళుచేతులు కడిగికొని, స్నానము చేసి మడి కట్టుకొనవలెను. కుమారుడు అడిగిన నీడయు నిలువవలెను: పంచలో గోనెసంచి పఱుపు, ఒక మూకుడు నీరు, వైశ్వదేవానంతరము పిడికెడన్నము. హద్దును పాటించుట శౌచము. హద్దు లోపల తావు చూపుట ధర్మము. ఒకటి లేక రెండవది పూర్ణము కాదు.

తలుపు పలకలో కోయవలసినది రెండు చేతుల సందు మాత్రమే. ఒక పూట పని. మనస్సున కోయవలసిన సందు అంతకంటె చిన్నది, పని మాత్రము చాల పెద్దది. ఆస్తికులైన గృహస్థులు తమ తమ గడపలయొద్ద నిలిచి, ఎవరెవరు ఎండలో నిలిచియున్నారో ఒకమారు చూతురు గాక. సర్వభూతములందును వసించు శ్రీనివాసుడు ఆ చూపును అనుగ్రహించు గాక.