పడినవాణ్ణి చూసి నవ్వవచ్చా?



మూకీల కాలపు హాస్య చిత్రాల్లో ఎవరో జారిపడతారు, ఎవరో తన్నులు తింటారు. మనం పగలబడి నవ్వుతాం. ఎదుటివాడి కష్టం చూసి నవ్వడం తప్పు కాదా?

1917లో చార్లీ చాప్లిన్ తీసిన ‘ది ఇమ్మిగ్రెంట్’ చూడండి. ఓడలో వచ్చిన వలసదారులు స్వేచ్ఛా విగ్రహాన్ని కళ్లారా చూస్తుంటారు. అంతలోనే వాళ్లను వెనక్కి నెట్టి, అడ్డంగా తాడు కడతారు. తర్వాత ఆకలిమీదున్న చార్లీకి వీధిలో ఒక నాణెం దొరుకుతుంది. జేబుకు చిల్లు ఉందని తెలియక హోటల్లో కూర్చుని తింటాడు. బిల్లుకు 10 సెంట్లు తక్కువైన మరొకణ్ణి సర్వర్లు చితకబాదుతుంటే చూసి, తన జేబు తడుముకుంటాడు. మనకు నవ్వొస్తుంది, గుండె కూడా దడదడలాడుతుంది. పరాయి దేశంలో మొదటి నెల ఆ జేబు మనమూ తడుముకున్నవాళ్లమే. చాప్లిన్ కూడా ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చినవాడే.

పోయిన ఏడాది మన మధ్యకు కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు, దుకాణంలో ఇంగ్లీషు రాక తడబడిన సంగతి భోజనాల దగ్గర చెప్పాడు. అందరం నవ్వాం. అతను మాత్రం నవ్వలేదు. మూడు వారాలు కనబడలేదు.

అప్పుడు నాకు తేడా తెలిసింది. చార్లీని చూసి నవ్వినప్పుడు నేను అతని బల్ల దగ్గరే కూర్చున్నాను. తమ్ముణ్ణి చూసి నవ్వినప్పుడు సర్వర్ల పక్కన నిలబడ్డాను.

నవ్వు తప్పు కాదు. పడినవాడు లేవాలని కోరుకోని నవ్వే తప్పు. ఆలస్యంగానైనా ఫోన్ చేసి, ఆ తమ్ముణ్ణి క్షమించమని అడిగాను.